ఆరు దుకాణాల దగ్గర పదహారేళ్లు ఆగిన వ్యాపారం: స్టార్‌బక్స్ ఎలా పెరిగింది?

రాజమహేంద్రవరంలో తండ్రిగారి కాలం నుంచి కాఫీ పొడి దుకాణం నడుపుతున్న ఒక మిత్రుడు మూడు ప్రశ్నలు అడిగారు. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక చిన్న దుకాణంగా మొదలైన స్టార్‌బక్స్ కాఫీ సంస్థ ప్రపంచమంతటికీ ఎలా విస్తరించింది? ఫ్రాంచైజీలు (అంటే తన పేరుతో దుకాణం పెట్టుకునే హక్కు బయటివారికి) ఇచ్చుకుంటూ పోవడం వల్లనే అంత వేగం వచ్చిందన్న మాట నిజమేనా? ఆ మొదటి దుకాణం ఇప్పటికీ ఉందా? ముప్పై ఏళ్లకు పైగా కాఫీ గింజల కొనుగోలులోనూ, వాటిని వేయించే పని అయిన రోస్టింగ్‌లోనూ గడిపినవాణ్ణి కాబట్టి, ఈ కథ మా పనివాళ్లకు కనిపించే తీరులో చెబుతాను.

ఒక చిన్న కాఫీ హోటలు రుచి బాగుండి రెండైందని, రెండు నాలుగై, ఆ నాలుగూ పెరిగి వేలకు చేరాయని చాలామంది అనుకుంటారు. జరిగింది వేరు. 1971లో పుట్టిన స్టార్‌బక్స్ 1987 వరకు, అంటే పదహారేళ్లపాటు, ఆరు దుకాణాలు దాటలేదు. ఆ తరువాతి అయిదేళ్లలో 165కు చేరింది. ఆ పదహారేళ్లు ఎందుకు పెరగలేదో తెలిస్తే తప్ప ఈ అయిదేళ్లు అర్థం కావు.

మొదట తెలుసుకోవలసిన సంగతి, అది కాఫీ హోటలు కానే కాదు. అచ్చం మీ దుకాణంలాంటిదే. వేయించిన గింజలు, టీ ఆకు, మసాలా దినుసులు, ఇంట్లో కాఫీ చేసుకునే సామగ్రి అమ్మేవారు. గింజలు చూపించడానికి రుచి చూడమని కాస్త కాఫీ ఇచ్చేవారే గాని కప్పు లెక్కన అమ్మేవారు కాదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుడైన జెర్రీ బాల్డ్విన్, చరిత్ర ఉపాధ్యాయుడైన జెవ్ సీగల్, రచయిత గోర్డన్ బౌకర్ అనే ముగ్గురు స్నేహితులు తలా కొంత సొమ్ము వేసుకుని, బ్యాంకు దగ్గర మరికొంత అప్పు తెచ్చి ఆ దుకాణం తెరిచారు. ముగ్గురిలో ఎవరికీ వ్యాపారం వంశపారంపర్యం కాదు. మంచి కాఫీ తమ ఊళ్లో దొరకడం లేదన్న బాధ మాత్రం ముగ్గురికీ ఉంది.

ఆ బాధకు కారణం ఉంది. అప్పటి అమెరికాలో పెద్ద కంపెనీలు ధర తగ్గించుకునే పోటీలో పడి, చవకరకం రోబస్టా గింజలు కలిపి, లేతగా వేయించి, పొడి చేసి డబ్బాల్లో నింపి అమ్మేవి. డబ్బా కొన్నవాడికి కాఫీ అంటే గోధుమరంగు వేడినీళ్లే. 1960ల తొలి సంవత్సరాల తరువాత అక్కడ తలసరి కాఫీ వాడకం తగ్గుతూ వచ్చింది. ఈ వాతావరణంలో డచ్ దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ పీట్ 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక దుకాణం తెరిచి, మేలైన అరబికా గింజలను యూరప్ పద్ధతిలో ముదురుగా వేయించి అమ్మడం ప్రారంభించాడు. ఆయన తండ్రి హాలండ్‌లో కాఫీ వేయించే వృత్తిలో ఉన్నవాడు. సియాటిల్ ముగ్గురూ మొదటి ఏడాది ఈయన దగ్గరే వేయించిన గింజలు కొని అమ్మారు. తరువాత ఆయన సలహాపై సొంత రోస్టర్ తెచ్చుకుని ఆ పని నేర్చుకున్నారు. స్టార్‌బక్స్ కథలో పీట్ పేరు రెండు వాక్యాలతో ముగించేస్తారు. నా దృష్టిలో అది అన్యాయం. రుచి అనే పునాది ఆయనది. మిగిలినవాళ్లు దాని మీద అంతస్తులు కట్టారు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. గింజలు అమ్మే దుకాణానికి ఎంత పేరున్నా దాని ఎదుగుదలకు ఒక హద్దు ఉంటుంది, అది మీకు అనుభవంలో ఉన్నదే. ఒక కుటుంబం వారానికో పదిహేను రోజులకో ఒకసారి వచ్చి అర కిలో పట్టుకెళుతుంది. ఇంట్లో పొడి అయిపోయేదాకా ఆ మనిషి మళ్లీ మీ గడప తొక్కడు. రుచి తెలిసిన ఇళ్లు ఊళ్లో ఎన్ని ఉన్నాయో అంతే మీ వ్యాపారం. సియాటిల్‌లో అటువంటి ఇళ్లకు ఆరు దుకాణాలు సరిపోయాయి. వాళ్లు నష్టపోలేదు, పైగా మంచి పేరుతో నడిచారు. అందువల్లే మారవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

బయటినుంచి వచ్చిన మనిషికి అది కనిపించింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పేదల కోసం కట్టిన ప్రభుత్వ గృహాల్లో పెరిగిన హోవార్డ్ షుల్జ్, గృహోపకరణాలు తయారుచేసే హమ్మార్‌ప్లాస్ట్ అనే స్వీడిష్ సంస్థకు అమెరికాలో అమ్మకాలు చూసేవాడు. కాఫీ వడకట్టే ఒక ప్లాస్టిక్ పరికరాన్ని ఎక్కడో సియాటిల్‌లోని చిన్న దుకాణదారు పెద్ద పెద్ద సంస్థలకంటే ఎక్కువగా ఎందుకు తెప్పిస్తున్నాడని అనుమానం వచ్చి, 1981లో స్వయంగా వెళ్లి చూశాడు. మరుసటి ఏడాది అక్కడే ఉద్యోగంలో చేరాడు. 1983లో పనిమీద ఇటలీలోని మిలాన్‌కు వెళ్లినప్పుడు వీధి వీధికీ ఉన్న ఎస్ప్రెస్సో బార్లు, అంటే యంత్రంతో ఒత్తిడి మీద చిక్కటి కాఫీ తీసి ఇచ్చే చిన్న దుకాణాలు, చూశాడు. పొద్దున్నే ఆఫీసుకు పోయేవాడు ఆగి, నిలబడి ఒక చిన్న కప్పు తాగి, కౌంటర్ వెనకాల మనిషిని పేరుతో పలకరించి వెళ్లిపోతున్నాడు. ఆ మనిషే మధ్యాహ్నం మళ్లీ వస్తున్నాడు. వారానికోసారి వచ్చే కొనుగోలుదారు రోజుకు రెండుసార్లు వచ్చే మార్గం ఇదేనని ఆయనకు అక్కడ తట్టింది.

యజమానులను బతిమాలగా బతిమాలగా 1984లో నగర మధ్యంలో తెరిచిన ఆరో దుకాణంలో ఒక మూల ఎస్ప్రెస్సో యంత్రం పెట్టుకోనిచ్చారు. షుల్జ్ తన జ్ఞాపకాలలో రాసుకున్న లెక్క ప్రకారం, అప్పటికి బాగా అమ్ముడయ్యే దుకాణానికి రోజుకు 250 మంది వస్తుంటే ఇక్కడ మొదటి రోజే 400 మంది వచ్చారు. రెండు నెలల్లో అది రోజుకు 800 అయింది. అయినా బాల్డ్విన్ ఒప్పుకోలేదు. మేము గింజలు వేయించేవాళ్లం, హోటలు వ్యాపారంలోకి దిగం అన్నాడు. ఈ ఘట్టంలో బాల్డ్విన్‌ను ముందుచూపు లేనివాడిగా చిత్రించడం అలవాటైపోయింది. నాకు అలా అనిపించదు. ఆయన అదే ఏడాది తన గురువు స్థాపించిన పీట్స్ సంస్థను అప్పు చేసి కొన్నాడు. మెడ మీద ఆ భారం ఉండగా తెలియని వ్యాపారంలో కాలు పెట్టకపోవడం తప్పు కాదు. పైగా తాను ఏ పని చేయడానికి పుట్టాడో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత మన వ్యాపారుల్లో ఎంతమందికి ఉంది?

షుల్జ్ బయటికి వచ్చి 1986 ఏప్రిల్‌లో ఇల్ జోర్నాలే అనే పేరుతో సొంత ఎస్ప్రెస్సో బారు పెట్టాడు. విశేషమేమిటంటే తొలి పెట్టుబడిలో కొంత సమకూర్చింది స్టార్‌బక్స్ యజమానులే. గింజలూ వాళ్ల దగ్గరివే. మిగిలిన సొమ్ము కోసం 242 మందిని అడిగితే 217 మంది కాదన్నారని ఆయన రాశాడు. సియాటిల్‌లోని విశ్వవిద్యాలయ ప్రాంతంలో కెఫే అల్లెగ్రో నడిపిన డేవ్ ఓల్సెన్ వచ్చి కలవడంతో కాఫీ తెలిసిన చెయ్యి దొరికింది. మొదటి దుకాణం మిలాన్‌కు నకలు: కుర్చీలు లేవు, ఒపెరా సంగీతం మోగేది, పనివాళ్ల మెడకు బో టై. జనం ఫిర్యాదు చేసేకొద్దీ కుర్చీలు వచ్చాయి, సంగీతం మారింది, టై పోయింది. ఇటలీ పద్ధతిని అలాగే దింపడం సాధ్యం కాదని ఆయన మొదటి ఏడాదిలోనే, తక్కువ ఖర్చుతో నేర్చుకున్నాడు.

1987లో బాల్డ్విన్, బౌకర్‌లు సియాటిల్ దుకాణాలను, రోస్టింగ్ కేంద్రాన్ని, పేరును అమ్మకానికి పెట్టి, తాము పీట్స్‌ను మాత్రం ఉంచుకున్నారు. సీగల్ అంతకు ముందే, 1980లో, తప్పుకున్నాడు. షుల్జ్ 38 లక్షల డాలర్లు సమకూర్చి కొన్నాడు. అంటే పదహారేళ్ల వ్యాపారాన్ని ఏడాదిన్నర వయసున్న వ్యాపారం కొని, తన పేరు వదులుకుని దాని పేరు పెట్టుకుంది. నేడు ప్రపంచమంతా కనిపిస్తున్నది స్టార్‌బక్స్ పేరు పెట్టుకున్న ఇల్ జోర్నాలే అంటే అతిశయోక్తి కాదు. అయితే ఆ కొనుగోలులో పేరుకంటే విలువైనది రోస్టింగ్ కేంద్రమని నేను అనుకుంటాను. కప్పులు అమ్మేవాడు గింజలకు పరాయివాడి మీద ఆధారపడితే, వంద దుకాణాలయ్యేసరికి రుచి అతని అదుపులో ఉండదు.

లెక్క కూడా ఒకసారి చూడండి. ఒక కిలో గింజలు పొట్లం కట్టి అమ్మితే మీకు మిగిలేది ఎంతో మీకు తెలుసు. అదే కిలోతో ఎస్ప్రెస్సో తీస్తే, కప్పుకు రెండు షాట్ల (యంత్రం ఒకసారి తీసే చిన్న మోతాదుల) లెక్కన, యాభై కప్పులకు పైగా వస్తాయి. పాలు, అద్దె, జీతాలు, కాగితం కప్పు ఖర్చులు పోను కూడా ఆ కిలో మీద రాబడి పొట్లంతో పోల్చదగినది కాదు. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పొట్లం అమ్మే దుకాణానికి ఇద్దరు చాలు, కప్పు అమ్మే దుకాణానికి మంచి కూడలిలో అద్దె కావాలి, పదిమంది పనివాళ్లు కావాలి, యంత్రాలు కావాలి. రాబడి పెరిగినట్టే పడిపోయే ఎత్తూ పెరుగుతుంది.

పడిపోయే పరిస్థితి షికాగోలో దాదాపు వచ్చింది. 1987 అక్టోబరులో, అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలిన రోజే, అక్కడ మొదటి దుకాణం తెరిచారు. తలుపు పెద్ద భవనం లోపలి హాలులోకి కాకుండా వీధి వైపు పెట్టారు. షికాగో చలికాలంలో కాఫీ కోసం ఆఫీసు వదిలి గాలిలోకి వచ్చేవాడెవడు? అద్దె, జీతం సియాటిల్ కంటే ఎక్కువ, గింజలు మూడు వేల కిలోమీటర్లకు పైగా లారీలో రావాలి, ముదురు వేపుడు రుచి అక్కడివాళ్లకు కొత్త. కంపెనీ మొత్తం మీద నష్టం 1987లో 3.3 లక్షల డాలర్లు, 1988లో 7.6 లక్షలు, 1989లో 12 లక్షలు. 1990లో గాని లాభం చూడలేదు. ఈ నష్టంలో కొంత తప్పటడుగు, కొంత తెలిసి పెట్టినది. ఆరు దుకాణాలకు అవసరం లేని రోస్టింగ్ సామర్థ్యాన్ని, లెక్కల విభాగాన్ని, అనుభవజ్ఞులైన అధికారులను ముందే పెట్టుకున్నారు. దుకాణాల నిర్వహణకు హోవార్డ్ బేహర్, ఆర్థిక వ్యవహారాలకు ఓరిన్ స్మిత్ వచ్చాకనే వ్యవస్థ కుదురుకుంది. కొవ్వు తీసిన పాలు అడిగే కొనుగోలుదారులకు ఇవ్వాల్సిందేనని, ఇటలీ సంప్రదాయం పేరిట మొండికేసిన షుల్జ్‌తో వాదించి గెలిచింది ఈ బేహర్‌గారే.

మాలాంటివాళ్లకు ఈ కథలో అన్నింటికంటే ఆసక్తి కలిగించేది ఒక సంచి. వేయించిన గింజ కొన్ని రోజులపాటు బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) వదులుతూనే ఉంటుంది. వెంటనే బిగించి మూస్తే సంచి ఉబ్బి పగులుతుంది, వాయువు పోయేదాకా తెరిచి ఉంచితే గాలి తగిలి వాసన చస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో, మా కేంద్రంలో తొందరపడి పొయ్యి దిగిన మర్నాడే సీలు వేసి ఒడిశా వైపు పంపిన సరుకు, ఎండల్లో లారీలోనే సగం సంచులు చిట్లి, పొడి గోనెల్లో కలిసిపోయి తిరిగొచ్చింది. ఆ నెల నా జీతంలో కోత పడింది. ఈ చిక్కుకు యూరప్‌లో కనిపెట్టిన పరిష్కారం, లోపలి వాయువును బయటికి పోనిచ్చి బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న ఏకదిశ కవాటం. ఈ కవాటం ఉన్న సంచులను స్టార్‌బక్స్ తన దుకాణాలన్నింటికీ వాడటం మొదలుపెట్టాక, సియాటిల్‌లో వేయించిన గింజ తాజాదనం పోకుండా దేశం అటు చివరకు చేరింది. ఊరూరా రోస్టర్ పెట్టవలసిన పని తప్పింది. షుల్జ్ ఉపన్యాసాలకంటే ఈ కవాటమే విస్తరణకు ఎక్కువ చేసిందని నేను సగం హాస్యంగా, సగం నిజంగా అంటుంటాను.

రెండో ఆధారం మనుషులు. కప్పు చేతికిచ్చే బరిస్టా నెల తిరక్కుండా మానేస్తే, ఎంత మంచి గింజైనా వృథా. 1988లో, ఇంకా నష్టాల్లో ఉండగానే, వారానికి 20 గంటలు పనిచేసేవారికి కూడా ఆరోగ్య బీమా ఇచ్చారు. 1991లో ఉద్యోగులందరికీ కంపెనీ వాటాలు పొందే హక్కు కల్పించారు. దీన్ని దయాగుణంగా పొగిడేవారున్నారు, ప్రచారమని కొట్టిపారేసేవారూ ఉన్నారు. మానేసినవారి చోట కొత్తవారిని తెచ్చి శిక్షణ ఇవ్వడానికయ్యే ఖర్చుతో పోలిస్తే బీమా చవక అన్నది ముందున్న లెక్క. అది మంచి పని కూడా కావడం వాళ్ల అదృష్టం. తరువాతి కాలంలో అదే సంస్థలో కార్మిక సంఘాల విషయమై తీవ్రమైన వివాదాలు వచ్చిన సంగతి కూడా మరువకూడదు.

ఇక ఫ్రాంచైజీ ప్రశ్న. మీరు విన్నది తప్పు. అమెరికాలో పెరిగిన కీలకమైన సంవత్సరాల్లో స్టార్‌బక్స్ విడి వ్యక్తులకు ఫ్రాంచైజీలు ఇవ్వలేదు. దుకాణాలు సొంతంగా తెరిచి సొంత ఉద్యోగులతో నడిపింది. విమానాశ్రయాల వంటి, బయటివారికి నేరుగా చోటు దొరకని ప్రాంగణాల్లో అక్కడి నిర్వాహక సంస్థలకు లైసెన్సు ఇచ్చింది. ఫ్రాంచైజీ ఇచ్చివుంటే వేరేవాళ్ల సొమ్ముతో దుకాణాలు లేచేవి. సొంతంగా తెరవాలంటే ప్రతి పైసా తనే తేవాలి. అందుకే 1992 జూన్‌లో వాటా 17 డాలర్ల చొప్పున జనానికి అమ్మి స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. ఆ డబ్బే వేగాన్ని ఇచ్చింది. 1996 నాటికి దుకాణాలు వెయ్యి దాటాయి, 2000లో 3,500, 2005లో పది వేలు. ఒక నగరాన్ని ఎంచుకుంటే అందులో దగ్గర దగ్గరగా తెరుస్తూ పోయేవారు. తమ దుకాణమే తమ దుకాణపు బేరాన్ని కొంత లాక్కుంటుందని తెలిసీ తెరిచేవారు, ఎందుకంటే వరుస తగ్గుతుంది, సరుకు రవాణా చవకవుతుంది, పోటీదారుకు మూల దొరకదు.

విదేశాలకు వెళ్లినప్పుడు మాత్రం ఈ నియమాన్ని సడలించి స్థానిక భాగస్వాములను తీసుకున్నారు. 2024లో 40 వేలు దాటిన దుకాణాల్లో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే సంస్థ నేరుగా నడిపేవి, మిగిలినవి లైసెన్సు మీద నడిచేవి. ఉత్తర అమెరికా బయట తొలి దుకాణం 1996లో టోక్యో నగరంలోని గింజా అనే పేటలో, సాజాబి అనే జపాన్ సంస్థతో కలిసి తెరిచారు. జపాన్‌వారు వీధిలో కప్పు పట్టుకుని తాగరని, పొగతాగనివ్వని కాఫీ దుకాణం అక్కడ నిలవదని సలహాదారులు హెచ్చరించారు. రెండూ తప్పని తేలాయి. మన దేశంలో 2012 అక్టోబరులో ముంబయిలో టాటాలతో సమాన వాటాపై మొదలుపెట్టి, గింజలు కూడా కొడగు ప్రాంతపు తోటలవే తీసుకున్నారు. తరువాత హైదరాబాదుకు వచ్చారు.

ఓడిపోయిన చోటు కూడా చెప్పకపోతే సమాధానం అసంపూర్ణం. 2000లో ఆస్ట్రేలియా వెళ్లి 84 దుకాణాలు తెరిచారు. 2008లో ఒక్కసారిగా 61 మూసేశారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత వలసవచ్చిన ఇటలీ, గ్రీసు కుటుంబాలు అక్కడ వీధివీధినా మంచి ఎస్ప్రెస్సో అలవాటు చేసివున్నాయి. చెడ్డ కాఫీ తాగే దేశంలో మంచి కాఫీ అమ్మి గెలిచినవాళ్లకు, ముందే మంచి కాఫీ ఉన్న దేశంలో చెప్పడానికి కొత్త మాట లేకపోయింది. ఇటలీలో అడుగుపెట్టడానికైతే 2018 దాకా ఆగారు. అంటే షుల్జ్ మిలాన్ చూసిన 35 ఏళ్లకు.

వేగం తెచ్చిన వ్యాధి 2007కు బయటపడింది. అప్పటికి రోజువారీ నిర్వహణ వదిలి అధ్యక్షస్థానంలో మాత్రమే ఉన్న షుల్జ్ ఆ ఫిబ్రవరిలో పై అధికారులకు రాసిన ఉత్తరం ఒకటి బయటికి పొక్కింది. అందులో ఆయన ఫిర్యాదు చేసిన వాటిలో నేను పైన పొగిడిన సంచే ఉంది. గింజ సంచిలో భద్రంగా ఉంటోంది గాని, దుకాణంలోకి అడుగుపెడితే ఒకప్పుడు ముక్కుకు తగిలే కాఫీ వాసన లేదు. పొడి ముందే పట్టి వస్తోంది, ఎత్తయిన స్వయంచాలక యంత్రాలు బరిస్టా ముఖాన్ని కప్పేస్తున్నాయి. 2008 జనవరిలో ఆయన తిరిగి పగ్గాలు చేపట్టాడు. ఫిబ్రవరి 26న అమెరికాలోని 7,100 దుకాణాలను సాయంత్రం మూడున్నర గంటలపాటు మూసి, ఎస్ప్రెస్సో ఎలా తీయాలో మళ్లీ నేర్పించారు. ఆ ఏడాదే 600 దుకాణాలు శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించారు, వాటిలో ఎక్కువ భాగం అంతకు ముందు రెండు మూడేళ్లలో తొందరగా తెరిచినవే. గింజలు దుకాణంలోనే పట్టే పద్ధతి తిరిగి తెచ్చారు.

మీ దుకాణం ముందు నిలబడితే ఆ వాసన ఉచితంగా వస్తోంది కాబట్టి, దానిని చెడగొట్టే ఏ మార్పునైనా పదిసార్లు ఆలోచించి చేయమని మాత్రం చెబుతాను. పక్క గదిలో కప్పు లెక్కన ఫిల్టర్ కాఫీ అమ్మాలన్న ఆలోచన ఉంటే, ముందు షుల్జ్ 1984లో చేసినట్టు ఒక మూలలోనే రెండు నెలలు నడిపి, రోజుకు ఎంతమంది వచ్చారో, వారిలో ఎంతమంది మర్నాడు మళ్లీ వచ్చారో చీటీ మీద రాసుకోండి. అద్దె ఒప్పందం ఆ చీటీ చూసుకున్నాక రాసుకోవచ్చు.

మొదటి దుకాణం విషయానికి వస్తే, సియాటిల్‌లోని పైక్ ప్లేస్ సంత దగ్గర పర్యాటకులు బారులు తీరి ఫొటోలు దిగేది అసలు మొదటిది కాదు. 1971లో తెరిచినది దగ్గరలోనే వెస్టర్న్ అవెన్యూలో ఉండేది. ఆ కట్టడం పడగొట్టనున్నారని 1976లో ఇప్పటి చోటికి మార్చారు. ఆ సంత ప్రాంతానికి చారిత్రక కట్టడాల నియమాలు ఉన్నందువల్ల ముఖద్వారం పెద్దగా మార్చలేదు. గోధుమరంగులోని పాత జలకన్య గుర్తు ఇప్పటికీ అక్కడ ఉంది. లోపల కూర్చోవడానికి కుర్చీలు మాత్రం లేవు.